రంగుల పెట్టె ఇంట్లోనే పెట్టు

చి. వసంతకు,

మోదుగ పూల బొమ్మలు గీయడానికి అడవికి వెళ్తున్నావు, రంగుల పెట్టె మోసుకెళ్లాలా అని అడిగావు. వద్దమ్మా. పెన్సిలు, కాగితాలు, నీ చేత్తో చేసుకున్న రంగుల పట్టీ, అంటే రంగు మచ్చలు పూసి ఒక్కోదానికి ఒక్కో అంకె వేసిన కాగితం, చాలు.

ఫెర్డినాండ్ బౌయర్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు 1786లో, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ సిబ్‌థార్ప్ వెంట గ్రీసు వైపు మొక్కలు వెతకడానికి వెళ్లాడు. రంగులు కలుపుతూ కూర్చుంటే కోసిన పువ్వు వాడిపోదూ? అందుకని పెన్సిల్‌తో బొమ్మ గీసి, రేకు మీదా, ఆకు మీదా, కాడ మీదా రంగుకో అంకె వేసుకునేవాడు. రంగులు పూసింది ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగొచ్చాకే. 1801లో ఫ్లిండర్స్ అనే ఇంగ్లీషు నావికుడి ఓడలో ఆస్ట్రేలియా వెళ్లేసరికి ఆ అంకెలు వెయ్యి దాకా పెరిగాయి. నీకు అన్ని అక్కర్లేదు, అరవైతో మొదలుపెట్టు. అందులో సగం ఆకుపచ్చలే ఉండాలి. కొత్తవాళ్లంతా ఎరుపులు పోగేసుకుని ఆకుల దగ్గర దొరికిపోతారు.

పట్టీ మాత్రం కొనకు. నువ్వు రేపు బొమ్మకు వాడే రంగులతోనే, అదే కాగితం మీద పూసుకో. ప్రతి మచ్చ పక్కన అంకె, ఏ రంగులు ఎంతెంత కలిపావో కూడా రాయి. నేనొకసారి ఆ పాళ్లు రాయడానికి బద్ధకించాను. ఇంటికొచ్చి చూసుకుంటే పుస్తకం నిండా పాలవాడి లెక్కలాంటి అంకెలే!

పువ్వునీ పట్టీనీ పక్కపక్కనే, నీడలో పెట్టి పోల్చు. చెట్టు కింద కాదు, ఆకుల పచ్చదనం పువ్వు మీద పడుతుంది. టైమ్ కూడా రాసుకో. ఫోన్‌లో ఫోటో తీసుకో గానీ రంగు విషయంలో దాన్ని నమ్మకు. మా పెరట్లో శంఖుపూలు ఫోటోలో ఎప్పుడూ ఊదాగానే పడతాయి.

మొక్కలు మరీ ఎక్కువై టెన్షన్ పట్టుకుంటే సిడ్నీ పార్కిన్సన్ అనే ఓడ చిత్రకారుడి పద్ధతి ఉంది. 1770లో ఆయన ఉన్న కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా తీరంలో బోటనీ బే దగ్గర ఆగినప్పుడు కుప్పలుగా మొక్కలు వచ్చిపడ్డాయి. తడిగుడ్డల్లో చుట్టి ఉంచి, ఒక్కోదానికి గీతబొమ్మ గీసి, ఒక ఆకుకో రేకుకో కొంచెం రంగు పూసి, మిగతాది కాగితం వెనక రాసిపెట్టాడు. తిరుగు ప్రయాణంలో, 1771లో, పాపం ఓడలోనే పోయాడు. ఆ బొమ్మలు చాలావాటిని లండన్‌లో వేరే చిత్రకారులు ఆయన రాతలు చూసుకునే పూర్తిచేశారు.

అందుకే నీ పట్టీకి ఇంకో కాపీ చేసి ఇంట్లో అమ్మకిచ్చి వెళ్లు. మోదుగ పేజీ మొదట నాకు పంపు. రంగు వేయకు, అంకెలతోనే పంపు. నాకు అర్థమవుతుందో లేదో చూద్దాం.

నీ పెద్దమ్మ