గ్రిసెల్దా ఓర్పును మెచ్చుకోవాలా?

ప్రశ్న: బెంగళూరు మల్లేశ్వరంలో ఏడెనిమిది మంది తెలుగువాళ్లం నెలకోసారి కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇటలీ రచయిత బొకాచ్చో కథల పుస్తకం ‘డెకమెరాన్’. చివరిదైన గ్రిసెల్దా కథ చదివి సగం మందికి ఒళ్లు మండింది. పిల్లల్ని చంపించానని మొగుడు నమ్మించినా నోరెత్తని భార్యను పొగిడే పుస్తకమా ఇది? వంద కథలూ చదివే తీరిక లేదు. ఏవి చదవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: చివరి కథను విడిగా చదవడంతోనే వచ్చింది చిక్కు. శుకసప్తతిలో చిలుక ఎవరికి, ఎందుకు చెబుతోందో మరిచిపోతే మిగిలేవి వట్టి రంకు కథలే కదా! ఇక్కడా అంతే. 1348లో ప్లేగుకు జడిసి ఫ్లోరెన్స్ విడిచిన ఏడుగురు యువతులు, ముగ్గురు యువకులు పది రోజుల్లో చెప్పుకున్న కథలివి. పదో రోజు విషయం ఔదార్యం. ఆ యువకుల్లో ఒకడు, ఈ కథ చెప్పే దియోనియో మాత్రం గ్రిసెల్దా మొగుడు గ్వాల్తియేరి చేసింది ఔదార్యం కాదు, మతిలేని పశుత్వం అని ముందే చెప్పి కథ ఎత్తుకుంటాడు. మీ ప్రతిలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. 1373లో ఇటలీ కవి పెట్రార్క్ దీన్ని లాటిన్‌లో తిరగరాసి, దైవపరీక్షకు తలవంచే ఆత్మ కథగా మలిచాడు. ‘సహనమూర్తి’ పేరు అక్కడే స్థిరపడింది.

రెండు గంటలే ఉంటే ముందు నాలుగో రోజు మొదటి కథ చదవండి. సాలెర్నో రాకుమారి గిస్మోందా సామాన్యుణ్ణి ప్రేమిస్తుంది. అందరిదీ ఒకే రక్తమాంసం, గొప్పతనం గుణంతోనే వస్తుందని తండ్రి ముఖానే అంటుంది. అతను ప్రియుడి గుండెను బంగారు పాత్రలో పంపిస్తే, అందులో విషం పోసుకుని తాగుతుంది.

తరువాత ఆరో రోజు ఏడో కథ. ప్రాతో పట్టణంలో ప్రియుడితో పట్టుబడిన ఆడదాన్ని కాల్చేయాలన్నది చట్టం. అలా పట్టుబడిన ఫిలిప్పా న్యాయాధికారి ముందు నేరం ఒప్పుకుంటూనే, ‘ఈ చట్టానికి ఏ ఆడది ఒప్పుకుంది?’ అని నిలదీస్తుంది. మొగుడికి తనెన్నడూ లేదనలేదని అతని నోటే చెప్పించి, ‘మరి మిగిలింది కుక్కలకు వేయనా?’ అంటుంది. ఊరంతా పగలబడి నవ్వి చట్టం మారుస్తుంది. అయితే డబ్బు కోసం మొగుణ్ణి మోసగించే ఆడవాళ్లకు మాత్రం మంట అలాగే ఉంచుతుంది. అసలు చర్చ ఇక్కడే పెట్టండి. నవ్వులో పడి చాలామంది ఈ మెలిక దాటిపోతారు.

గ్రిసెల్దా కథ ఆఖర్న చదవండి. పుట్టింటికి వెళ్లగొట్టినప్పుడు ఆమె అడిగేది ఒక్క లోచొక్కా, తాను తెచ్చిన కన్యత్వానికి బదులుగా. ఆ మాటల్ని ఎవరైనా పైకి చదవండి.