బ్యాటరీ 41 శాతం చూపిస్తూనే బోర్డు ఆగిపోతోంది: ఫ్యూయల్ గేజ్‌లో ఏం సరిచేయాలి?

మీరు చెప్పినదాన్నిబట్టి మీ దగ్గరున్నవి 2600 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్, అందులో ఎంత ఛార్జ్ మిగిలిందో శాతంలో లెక్కగట్టే బీక్యూ 27441 గేజ్ చిప్, సెల్‌ను ఛార్జ్ చేసే టీపీ 4056 చిప్. 41 శాతం దగ్గర బోర్డు ఆగిపోతోంది, సెల్ మార్చినా అంతే. ఇంకో సెల్ కొనకండి. ముందు గేజ్‌లోని డిజైన్ కెపాసిటీ (సెల్ ఎన్ని ఎంఏహెచ్‌లదో గేజ్‌కు చెప్పే సెట్టింగు) చదివి చూడండి.

గేజ్ చిప్‌లో మొదట ఉండేది 1340. మీరేమీ మార్చకపోతే రీడింగ్ తొందరగా సున్నాకి దిగిపోతుంది, బోర్డు మాత్రం నడుస్తూనే ఉంటుంది. మీది దానికి పూర్తిగా తిరగబడిన లక్షణం. అంటే గేజ్ మీ సెల్‌ను ఉన్నదానికంటే పెద్దదనుకుంటోంది, లేదా బోర్డు ఏ వోల్టేజీ దగ్గర ఆగుతుందో దానికి తెలియదు.

మొదటిది నాకే జరిగింది. విశాఖ ఫిషింగ్ హార్బర్ బోట్లలో ఐసు గది ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పెట్టెలు తయారుచేస్తుంటాను. ఒక పెట్టె వేట మధ్యలో ఆగిపోయింది. ఒడ్డుకొచ్చాక బోటు నడిపే సరంగు, "రాత్రి డెబ్బై పైనే ఉంది బాబూ, తెల్లారేసరికి చచ్చిపోయింది" అన్నాడు. చేప పాడవకుండా ఇంకెన్నాళ్లు సముద్రంలో ఉండొచ్చో ఆయన ఆ పెట్టె చూసే తేల్చుకుంటున్నాడు. ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

గేజ్‌ను అడిగితే డిజైన్ కెపాసిటీ 10250 అంది. 2600ను బైట్లుగా విడగొడితే పెద్దది 10, చిన్నది 40 (10×256+40). మామూలు రీడింగ్ రిజిస్టర్లలో చిన్న బైటు ముందొస్తుంది. సెట్టింగులుండే డేటా మెమరీలో మాత్రం పెద్ద బైటు ముందుండాలి. నేను రెండుచోట్లా ఒకే వరస పెట్టాను. గేజ్ దాన్ని 40×256+10గా చదువుకుంది. చెక్‌సమ్ (బైట్లన్నీ కూడి సరిచూసే సంఖ్య) కూడా సరిపోయింది కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాలేదు. అందుకే రాసిన ప్రతి విలువనూ మళ్లీ చదివి పోల్చే నాలుగు లైన్లు కోడ్‌లో తప్పకుండా పెట్టండి.

రెండోది టెర్మినేట్ వోల్టేజీ, అంటే సెల్ ఎంతకు పడితే గేజ్ సున్నా శాతం అనుకోవాలో ఆ విలువ. గేజ్‌లో 3.2 వోల్టులు ఉండి, మీ బోర్డు 3.3 వోల్టుల ఎల్‌డీఓ (వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్) మీద నడుస్తుంటే, గేజ్ లెక్కలో ఇంకా ఛార్జ్ మిగిలుండగానే బోర్డు ఆగుతుంది. బెంచ్ సప్లై మీద వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గిస్తూ, రేడియో పంపుతున్న క్షణంలో ఎక్కడ రీసెట్ అవుతుందో చూడండి. నా బోర్డుకు 3400 మిల్లీవోల్టులు పెట్టాను.

మిగతావి తేలిక. డిజైన్ ఎనర్జీ (సెల్ మొత్తం శక్తి, మిల్లీవాట్-అవర్లలో) 2600×3.7, అంటే 9620. టీపీ 4056కు 1.2 కిలోఓమ్ రెసిస్టర్ ఉంటే 1 ఆంపియర్‌తో ఛార్జ్ చేసి 100 మిల్లీఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది. గేజ్ అంతకంటే కాస్త ముందే 'నిండింది' అనుకోవాలి కాబట్టి టేపర్ కరెంటును (ఎంతకు తగ్గితే సెల్ నిండినట్టో ఆ కరెంటు) 120 మిల్లీఆంపియర్లుగా తీసుకోండి. టేపర్ రేట్ విలువ 2600÷(0.1×120), దాదాపు 217. ఛార్జరూ లోడూ రెండూ గేజ్ కరెంటు కొలిచే సెన్స్ రెసిస్టర్‌కు ఒకే పక్కన ఉండాలి. ఛార్జర్ నేరుగా సెల్‌కు కలిసి ఉంటే లోపలికి వెళ్లే కరెంటు గేజ్‌కు కనిపించదు, అప్పుడు ఏ సెట్టింగూ పనికిరాదు.

మీ సెల్ కూడా చల్లటి చోట ఉంటే ఇంకో మాట. చలికి సెల్ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, వోల్టేజీ ముందే పడిపోతుంది. గేజ్ మామూలుగా తన సొంత చిప్ ఉష్ణోగ్రతే చూసుకుంటుంది. నా పెట్టెల్లో సెల్ ఐసు పక్కన, బోర్డు పైన. అందుకే ఉష్ణోగ్రతను బయటినుంచి తీసుకోమని చెప్పే టెంప్స్ బిట్ పెట్టి, సెల్ దగ్గరి థర్మామీటర్ రీడింగ్‌నే గేజ్‌కు రాస్తున్నాను. కెల్విన్‌లో పదో వంతుల లెక్కన రాయాలి.

అన్నీ సరిచేశాక కూడా ఒక ఏడాది నాకు మళ్లీ దెబ్బ తగిలింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు జెట్టీ దగ్గరే. పెట్టెల్లో సెల్స్ పూర్తిగా దిగిపోయి సెల్‌ను కాపాడే ప్రొటెక్షన్ బోర్డు కరెంటు కట్ చేసింది, గేజ్‌కు కరెంటు పోయింది. దాని సెట్టింగులు ర్యామ్‌లో ఉంటాయి కాబట్టి మళ్లీ 1340కి వచ్చేశాయి. నా కోడ్ మొదటిసారి ఆన్ చేసినప్పుడే రాసి, తర్వాత చూడటం మానేసింది. ఇప్పుడు బోర్డు లేచిన ప్రతిసారీ గేజ్ స్థితి చూపే ఫ్లాగ్స్ రిజిస్టర్‌లో ఐటీపోర్ బిట్ (గేజ్ రీసెట్ అయిందని చెప్పేది) చూసి, అది 1 అయితే అన్నీ తిరిగి రాస్తుంది. క్యూమ్యాక్స్ (గేజ్ నేర్చుకున్న సెల్ సామర్థ్యం), ఆర్‌ఏ టేబుల్ (సెల్ లోపలి రెసిస్టెన్స్ పట్టిక) కూడా అప్పుడప్పుడు చదివి ఫ్లాష్‌లో దాచుకుంటుంది, లేకపోతే గేజ్ నేర్చుకున్నదంతా పోతుంది. ఈ తిరగరాయడం ఛార్జర్ తగిలించి ఉండగా చేయకండి. సెట్టింగులు రాశాక జరిగే సాఫ్ట్ రీసెట్ సమయంలో గేజ్ సెల్ వోల్టేజీ చూసి మొదటి శాతం వేసుకుంటుంది, ఛార్జ్ అవుతుంటే అది ఎక్కువ చూపిస్తుంది.

డిజైన్ కెపాసిటీ ఎంతొచ్చిందో, ఛార్జర్ వైరు ఎక్కడ కలిసిందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.