పెద్దవాళ్లకు ఉత్తరం రాస్తే జవాబు వస్తుందా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వన్యప్రాణుల డాక్యుమెంటరీలకు పేరుపడ్డ బీబీసీ డేవిడ్ అటెన్‌బరో తనకు ఉత్తరాలు రాసిన పిల్లలకు స్వయంగా చేత్తో జవాబు రాసేవారని చదివాను. నాకూ వన్యప్రాణుల డాక్యుమెంటరీలు తీయాలని కోరిక. ఈ రంగంలోని వాళ్లకు నేనూ రాయొచ్చా? ఏం అడగాలి? ఏం చదవాలి?

జవాబు: తప్పకుండా రాయండి. కాకపోతే అటెన్‌బరోకే రాయాలని పట్టుబట్టకండి. ఆయన 1926లో పుట్టారు, ఈ వయసులో ఆయన నుంచి జవాబు ఆశించడం భావ్యం కాదు. ఆయన జీవితంలో మీకు పనికొచ్చే ఘట్టం వేరే ఉంది. 1950లో బీబీసీ రేడియోలో ప్రసంగాల నిర్మాత ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ఆయనకు రాలేదు. ఆ దరఖాస్తు టెలివిజన్ వైపు పనిచేస్తున్న మేరీ ఆడమ్స్ కంటపడింది. ఆమె మూడు నెలల శిక్షణకు రమ్మన్నారు. అప్పటికి ఆయన చూసిన టీవీ కార్యక్రమం ఒక్కటే! 1952లో పూర్తికాలం ఉద్యోగంలో చేరారు. ఆ దరఖాస్తులో చెప్పుకోవడానికి సరుకుంది: కేంబ్రిడ్జిలో జంతుశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివారు, రెండేళ్లు నేవీలో ఉన్నారు, పిల్లల సైన్సు పుస్తకాలు ఎడిట్ చేశారు. మీ ఉత్తరంలోనూ అలాంటి సరుకు ఉండాలి.

చాలామంది ఉత్తరాలు మూలన పడేది ఇక్కడే. ఒక పేజీ పొగడ్త, ఆఖర్న ‘దయచేసి గైడ్ చేయండి’. దానికి జవాబు రాయాలంటే అవతలివాళ్లు ఓ వ్యాసమే రాయాలి. ఎంత మంచివాళ్లయినా పక్కన పెట్టేస్తారు. మీరు ఒక్క పేజీ రాయండి. మీరెవరో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత మీ ఊళ్లో మీరు కళ్లారా చూసినది ఒకటి, తేదీతో సహా. చివర మూడు వాక్యాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒక్కటే. ‘మా చెరువు దగ్గర ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడుతున్నాయి, ఎంత దూరం నుంచి తీస్తే బెదరవు?’ అని అడిగితే తెలిసినవాళ్లకు చెప్పాలనిపిస్తుంది. మీరు తీసిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో పంపకండి, తెలియనివాళ్ల పెన్‌డ్రైవ్ ఎవరూ కంప్యూటర్‌కు తగిలించరు.

మన దేశంలోవాళ్లకే రాస్తే, జవాబు కోసం మీ చిరునామా రాసి, 5 రూపాయల స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టండి. 20 గ్రాముల దాకా ఆ స్టాంపు సరిపోతుంది. విదేశాలకు రాస్తే ఈ పని వృథా, మన స్టాంపు అక్కడ చెల్లదు. చిరునామా కవరు మీదే కాకుండా ఉత్తరం పైభాగంలోనూ పిన్‌కోడ్, దేశం పేరుతో రాయండి. కవరు చించి పారేశాక మీ ఆనవాలు మిగిలేది అక్కడే. ముందు దగ్గరివాళ్లతో మొదలుపెట్టండి: ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం, మీ జిల్లా కాలేజీలో పక్షుల మీద పనిచేసే జువాలజీ లెక్చరరు. జవాబు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ చివరి వ్యక్తి నుంచే.

ఉత్తరం కంటే ముందు మూడు నిమిషాల వీడియో ఒకటి చేతిలో ఉండాలి. ఫోను చాలు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, చిలమత్తూరు దగ్గర వీరాపురం లాంటి చోట్ల పక్షులు ఊళ్లోనే ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని ‘సైబీరియా కొంగలు’ అంటారు కానీ ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ సైబీరియావి కావు. మీ వ్యాఖ్యానంలో ఆ తప్పు దొర్లితే చూసేవాళ్లు అక్కడే ఆపేస్తారు. ఫోనును స్టాండు మీద నిలబెట్టి, ఒక్కో షాటు కనీసం 10 సెకన్లు కదపకుండా తీయండి. డిజిటల్ జూమ్ వాడితే బొమ్మ అలుక్కుపోతుంది. మాటల్లేకుండా ఆ చోటి శబ్దం ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోండి, లేకపోతే ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా చప్పుడు తెగినట్టు వినిపిస్తుంది. వ్యాఖ్యానం 200 మాటలు దాటొద్దు. గూళ్ల దగ్గరికి వెళ్లకండి: తల్లి లేచిపోతే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. అభయారణ్యం లోపల చిత్రీకరణకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. డ్రోన్ ఊసే వద్దు.

చదువు సంగతికొస్తే, ముందు సైన్సు, తర్వాత కెమెరా అన్నది నా అభిప్రాయం. బీఎస్సీ జువాలజీ గానీ, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో ఫారెస్ట్రీ గానీ చేయండి. ఆపైన దేహ్రాదూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీలున్నాయి. సీట్లు తక్కువ, ప్రతి ఏటా ప్రవేశాలు ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకుండా నోటిఫికేషన్ చూసుకోండి. సినిమా శిల్పమే ముఖ్యమనుకుంటే డిగ్రీ తర్వాత సినిమా తీయడం నేర్పే పుణే ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థ ఉన్నాయి.

జవాబు వస్తే వారంలోపు రెండు వాక్యాల్లో కృతజ్ఞత చెప్పండి. అదే ఉత్తరంలో మరో సాయం అడక్కండి. వాళ్ల చిరునామా, సంతకం కనిపించేలా ఆ జవాబు ఫొటో ఇన్‌స్టాలో పెట్టకండి. వాళ్లు చెప్పినట్టు తీసి చూసి, ఆర్నెల్ల తర్వాత ఆ వీడియో లింకు పంపండి, రెండో ప్రశ్న అప్పుడు అడగండి.