స్టెంట్‌లోనే మళ్ళీ సన్నబడితే ఐవస్ దండగ కాదు

అన్నా, ఆరు నెలల కింద వేసిన స్టెంట్‌లోనే బాపుకు మళ్ళీ సన్నబడిందన్నవు, హన్మకొండ డాక్టర్ చెప్పిన ఐవస్ (గుండె రక్తనాళం లోపలికి సన్నని గొట్టం పంపి చేసే అల్ట్రాసౌండ్) ఖర్చు దండగేమోనని అడిగినవు. తప్పకుండా చేయించు. యాంజియోలో రక్తం పారే దారి నీడే కనబడుతది. స్టెంట్ పూర్తిగా విచ్చుకుందా లేదా అన్నది ఐవస్‌లో తేలుతది. లోపలి వైశాల్యం మామూలుగా 5.5 చదరపు మిల్లీమీటర్లు దాటాలె, ఎడమ ప్రధాన ధమనిలో అయితే ఇంకా ఎక్కువ. తక్కువుంటే ఎక్కువ ప్రెషర్‌తో ఎన్‌సీ బెలూన్ (పెద్దగా సాగని గట్టి బెలూన్) పెట్టి పెంచుతరు. చుట్టూ కాల్షియం బిగిసి బెలూన్ నడుమ నొక్కుకుపోతే ఆ కాల్షియాన్ని ధ్వని తరంగాలతో పగలగొట్టే షాక్‌వేవ్ బెలూన్ అవసరం పడొచ్చు. విచ్చుకోని స్టెంట్‌లో ఇంకోటి వేస్తే దారి మరింత ఇరుకే! స్టెంట్ బాగానే విచ్చుకుని లోపల కండ పెరిగితే మాత్రం చాలాసార్లు మందు పూసిన బెలూన్‌తో సరిపోతది. పాత స్టెంట్ కార్డు, యాంజియో సీడీ తీసుకపో, సైజు అందులో ఉంటది. డాక్టర్ చెప్పకుండ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఒక్కపూట కూడా ఆపొద్దు. కూర్చున్నకాడ ఛాతీనొప్పి వచ్చి తగ్గకపోతే వెంటనే 108కు ఫోన్ చెయ్యి.