టెక్ సందేహాలు: ‘యూనివర్సల్’ కిట్టూ, ఒరుసుకునే హోసూ

ప్రశ్న: నా పాత కారుకి కంపెనీ ఏసీ లేదు. ఈ మధ్యే ఒక ‘యూనివర్సల్’ కిట్ కొని బిగించాను. చల్లదనం ఫరవాలేదు. కానీ లావు హోస్, ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనుంచే పోతోంది, ఇంకొకటి ఫెండర్ రేకు అంచుకి ఒరుసుకుంటోంది. దారి మార్చాలి. గ్యాస్ కొద్దిగా వదిలేసి నేనే విప్పుకోవచ్చా?

జవాబు: ఆ చివరి వాక్యం చూశాక మిగతా ప్రశ్న పక్కన పెట్టేశాను. వద్దండీ. ఇదే మాట రకరకాలుగా రాసి పంపేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి వివరంగానే చెబుతాను.

ఏసీలో గ్యాస్ టైర్లో గాలి లాంటిది కాదు, కొద్దిగా వదిలితే కొద్దిగా తగ్గడానికి. లోపల కొంత ద్రవంగా ఉంటుంది. మీరు ఆవిరిని వదిలినకొద్దీ ఆ ద్రవం మరిగి ఖాళీని నింపేస్తుంది. ఇంజిన్ ఆపి ఉన్నా, 35 డిగ్రీల వేడిలో 134ఏ (కారు ఏసీల్లో వాడే గ్యాస్) ఒత్తిడి సుమారు 114 పీఎస్ఐ. టైర్లో ఉండేదానికి దాదాపు నాలుగు రెట్లు! అలాంటిదాని నట్టు వదులు చేస్తే బయటికొచ్చే ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వేలి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. కంట్లో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఈ గ్యాస్ గాలికన్నా బరువు. తలుపులు మూసిన షెడ్డులో నేలబారుగా పేరుకుని, బండి కింద పడుకున్న మనిషికి ఊపిరాడనివ్వదు.

ఇంకొకాయన పైపుని మంట వచ్చే గ్యాస్ టార్చ్‌తో వేడిచేసి వంచుతానని రాశారు. లోపల గ్యాస్ మిగిలి ఉన్న పైపు మీద మంట పెడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, ఊపిరితిత్తులను కాల్చేసే విషం. పర్యావరణం సంగతి చివర్లో చెబుతున్నానని చిన్నదనుకోకండి. వందేళ్ల లెక్కలో 134ఏ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,430 రెట్లు. గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా లాగి పట్టే రికవరీ మెషిన్ ఉన్న చోటికి బండి తీసుకెళ్లి గ్యాస్ మొత్తం లాగించాకే స్పానర్ పట్టుకోండి. ఒక పూట పని.

ఇక దారి. మీరు చెప్పిన లావు హోస్ పదో నంబర్ సైజుది అయి ఉంటుంది, ఎవాపరేటర్ (కారు లోపలి గాలిని చల్లబరిచే భాగం) నుంచి కంప్రెసర్‌కి చల్లటి ఆవిరి తెచ్చేది. దాన్ని మానిఫోల్డ్ పక్కన పెట్టడమంటే చల్లబరిచినదాన్ని మళ్లీ కాచి కంప్రెసర్‌కి తాగించడమే. ముందు దాన్నే మార్చండి, ఇంజిన్ గదిలో రెండో వైపు గోడ వెంట తిప్పినా సరే. అది లావు కాబట్టి చిన్న మలుపు తిరగదు. బలవంతంగా వంచితే లోపల నలిగి దారి మూసుకుపోతుంది. మలుపు అవసరమైన చోట 90 డిగ్రీల ఫిట్టింగ్ వాడండి.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఇంజిన్ కదులుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే రబ్బరు మౌంట్ల మీద పక్కకి ఒరుగుతుంది. కంప్రెసర్ ఇంజిన్‌తో పాటు కదులుతుంది, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ బాడీతో ఉండిపోతుంది. మధ్యలో హోస్ బిగుతుగా ఉంటే ఆ ఊపంతా ఫిట్టింగ్ మెడ మీద పడుతుంది. కాస్త వదులు ఉంచి, బాడీ వైపు మాత్రమే రబ్బరు లైనింగ్ ఉన్న క్లాంప్‌తో పట్టించండి. నేనొకసారి బద్ధకించి హోస్‌ని జిప్ టైతో బ్రేక్ పైపుకి కట్టేశాను. మర్నాడు నాకే సిగ్గేసి కోసేశాను. మీరూ ఆ పని చేయకండి. స్టీరింగ్ షాఫ్ట్, యాక్సిలరేటర్ లింకేజీ, ఫ్యాన్ బెల్టు, బోనెట్ కీళ్లు, వీటన్నిటికీ ఎడం ఉండాలి. రేకులోంచి వెళ్లే ప్రతి చోటా గ్రామెట్ (రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు రింగు) తప్పనిసరి.

హోస్‌ని బండిలోనే వదులుగా అమర్చి, ఫిట్టింగ్ ఏ కోణంలో కూర్చుంటుందో రెంటి మీదా మార్కర్‌తో గీత పెట్టి, బయటికి తీశాకే క్రింప్ చేయించండి, అంటే ఫిట్టింగ్‌ని హోస్‌కి మెషిన్‌తో నొక్కి బిగించడం. కొత్త ఓ-రింగులకి ఏసీ ఆయిల్ రాయండి. బిగించేటప్పుడు రెండు స్పానర్లు, ఒకటి తిప్పడానికి, ఒకటి ఆపడానికి. విప్పిన పైపు నోళ్లని వెంటనే మూయండి, లోపలి ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమని పీల్చే డ్రయర్ కొత్తది వేయండి, దాని మూతలు ఆఖరున తీయండి. ముప్పావు గంట వ్యాక్యూమ్ పట్టించి, వాల్వు మూశాక గేజ్ ముల్లు కదలకపోతేనే గ్యాస్. అది కూడా తూకం వేసి. ఏసీ పైపు మీది చిన్న అద్దంలో బుడగలు చూసి నింపే పద్ధతి, 134ఏకి ముందు వాడిన ఆర్12 గ్యాస్ రోజులది, 134ఏలో తప్పుదారి పట్టిస్తుంది.

అసలు ఈ ‘యూనివర్సల్’ అనే మాట మీదే నాకు కోపం. రిమోట్లయినా, ఛార్జర్లయినా, ఏసీ కిట్లయినా, డబ్బా మీద ఆ మాట ఉందంటే కొలతలు తీసే పని మనకి అప్పజెప్పారని అర్థం. ఒక్క బండిలోనూ పెట్టి చూడకుండా ఒక పొడవు హోస్ చుట్టి పెట్టేస్తారు. ‘మీ బండికి అనుగుణంగా అమర్చుకోండి’ అని ఒక్క ముక్క రాస్తారు. ప్రెజర్ స్విచ్ కూడా విడిగా కొనుక్కోమనే కిట్లున్నాయి! హోస్ ఒరిసి చిల్లుపడితే గ్యాస్‌తో పాటు ఆయిలూ పోతుంది. ఆ స్విచ్ ఉంటే ఒత్తిడి పడిపోగానే కంప్రెసర్ ఆగుతుంది, లేకపోతే ఎండిపోయి పట్టేస్తుంది. మీ కిట్‌లో అది లేకపోతే ఈ విప్పుడులోనే వేయించండి.

ప్రశ్న: ఏసీ ఒత్తిడి చూడ్డానికి బ్లూటూత్ గేజ్ కొన్నాను. యాప్ లొకేషన్, కాంటాక్ట్స్ అడుగుతోంది. ఇవ్వాలా?

జవాబు: మీ ఫోన్ ఆండ్రాయిడ్ 11 లేదా అంతకన్నా పాతదైతే బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి లొకేషన్ అడగడం మామూలే, యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే ఇవ్వండి. 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది, అయినా లొకేషన్ అడుగుతోందంటే యాప్ రాసినవాళ్ల బద్ధకమో, ఆశో. కాంటాక్ట్స్ దేనికి? కంప్రెసర్ ఎవరికి ఫోన్ చేస్తుంది? అది ఇవ్వకపోతే తెరుచుకోనంటే గేజ్ తిరిగిచ్చేసి, ముల్లున్న మామూలు గేజ్ సెట్ తెచ్చుకోండి.