హంగేరీ విప్లవ సైన్యంలో పోలండ్ ప్రవాసులు ఎందుకు చేరారు?

శత్రువు ఒకరే కాబట్టి. పోలండ్‌ను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. రష్యాపై 1830-31లో చేసిన తిరుగుబాటు అణగారాక వేలమంది పరాయి దేశాలకు వలసపోయారు, ఎక్కువమంది ఫ్రాన్స్‌కే. 1848లో హంగేరీ ఆస్ట్రియాపై తిరగబడగానే వారిలో కొందరికి మళ్లీ కత్తి పట్టే అవకాశం దొరికింది.

అందరిలో యోజెఫ్ బెమ్ కథ వేరు. ట్రాన్సిల్వేనియా (నేటి రొమేనియాలోని ప్రాంతం) సేనను నడిపిన ఈ పోలండ్ జనరల్‌ను హంగేరీ సైనికులు ‘బెమ్ తాత’ అనేవారు. కవి పెటోఫీ ఆయన సహాయాధికారి. 1849లో రష్యా సైన్యం కూడా దిగడంతో విప్లవం ఓడింది. బెమ్ రష్యాకు వైరి అయిన ఒట్టోమాన్ (టర్కీ) రాజ్యానికి తప్పించుకుని, ఇస్లాం స్వీకరించి మురాద్ పాషా అయ్యాడు. అందులో భక్తి కన్నా రష్యాతో మరోసారి తలపడాలన్న ఆశే ఎక్కువని నాకనిపిస్తుంది. ఆ ఆశ తీరకుండానే 1850లో అలెప్పోలో కన్నుమూశాడు.