మీ 'లంకలో దీపం' పెయింటింగ్‌కి స్ఫూర్తి ఏమిటి? దీపం పక్కన మసకగా ఉన్న రెండో వెలుగు ఏమిటి?

ఆ రెండు వెలుగులూ జీవాత్మ, పరమాత్మ అనుకోవచ్చా అని కూడా అడిగారు. అనుకోండి, నాకు సంతోషమే, గోడకి తగిలించాక బొమ్మ చూసేవాళ్ళది. నేను మాత్రం తత్వం ఆలోచించి వెయ్యలేదు. అది మా తాతయ్య కట్టిన లాంతరు.

మాది గోదావరి వశిష్ఠ పాయ మీద ఒక లంక, అంటే చుట్టూ ఏరున్న దిబ్బ. వరద ఎర్రనీరు ఏటా వచ్చేదే, పెద్దవాళ్ళు దానికి కంగారు పడరు, పులస చేప పడిందా లేదా అని మాత్రం వాకబు చేస్తారు. 1986 ఆగస్టులో వచ్చింది అలాంటిది కాదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నాకు తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నానికి అరుగు మునిగింది, చీకటి పడేలోపు నావ మా గుమ్మం దాకా వచ్చేసింది. అందరం ఎక్కాం, తాతయ్య ఎక్కలేదు. ఇల్లు వదిలి రానన్నాడు. మామ్మ ఏడుస్తుంటే, "అటక మీద ఉంటాను, పెంకులు తీసి లాంతరు కడతాను, అది కనపడితే నేనున్నట్టే, పోండి" అన్నాడు.

కొబ్బరితోట మధ్యలోంచి నావ వెళ్ళడం ఎప్పుడైనా చూశారా? రోజూ నేను ఆడుకునే చోటే, కానీ కింద నేల లేదు, నావ నడిపే ఆయన మొదళ్ళని చేత్తో పట్టుకుని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి తోసుకుంటూ పోతున్నాడు, ఎక్కడా మనిషి అలికిడి లేదు, నీటి హోరు ఒకటే. ఏటిగట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు లేదు, తోట లేదు, ఏరేదో ఆకాశమేదో తెలీదు. దూరంగా ఒక్క పసుపు చుక్క. దేనికీ అంటుకుని లేదు, దానంతట అదే నిలబడి ఉంది. మామ్మ దాన్ని చూస్తూ గట్టు మీదే కూర్చుంది, నేను ఆవిడ ఒళ్ళో. తెల్లవారుజామున అది ఆరిపోయింది. మామ్మ అరవలేదు, ఏడవలేదు, నా చెయ్యి మాత్రం నొప్పి పుట్టేలా పట్టుకుంది. వెలుగొచ్చాక నావ మళ్ళీ వెళ్ళి తాతయ్యని తీసుకొచ్చింది. "కిరసనాయిలు అయిపోయింది, అంతే" అన్నాడు.

ఆ ఆరిపోవడానికీ నావ తిరిగి రావడానికీ మధ్య గడిచిన సమయమే నా బొమ్మ. అది చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది.

రాజమండ్రిలో చదువుకునేటప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తరచూ వెళ్ళేవాణ్ణి. ఆయన ఆ ఊరి చిత్రకారుడే, 1925లో పోయాడు, అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. మన ఊరు, మన ఏరు, మన మనుషులే బొమ్మకి చాలునని నాకు ధైర్యం వచ్చింది అక్కడే. ఆ ఊపులో వరద బొమ్మ మొదలుపెట్టాను. ఇల్లు, అటక, తాతయ్య, నావ, మామ్మ, అన్నీ పెట్టాను. ఎన్నిసార్లు వేసినా క్యాలెండర్ బొమ్మలా వచ్చేది, జాలి పుట్టేది గానీ ఆ రాత్రి గుండెల్లో ఉన్న భయం రాలేదు.

దారి దొరికింది కోనసీమలోని జగ్గన్నతోటలో. కనుమ రోజు ప్రభల తీర్థం, పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, ప్రభల మీద వచ్చి ఒకచోట చేరతారు కదా. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్ళ ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. మోసేవాళ్ళు పీకల్లోతు నీళ్ళలో ఉంటారు. నేను జనం వెనకాల ఎక్కడో ఉన్నాను, నాకు వాళ్ళు కనపడలేదు. రంగుల గుడ్డలు కట్టిన అంత ఎత్తు ప్రభ ఒక్కటే నీటి మీద ఊగుతూ ఇటు వస్తోంది. గట్టు మీంచి చూసిన దీపం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. తాతయ్య కనపడకూడదు, కనపడేలా వెయ్యడమే నేను చేస్తున్న తప్పు!

ఇంటికొచ్చి పాత కాన్వాస్ మీదే మొదలుపెట్టాను. ట్యూబులో నలుపు వాడలేదు, అది చచ్చిన నలుపు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలిపి, లిన్సీడ్ ఆయిల్‌తో పల్చగా చేసి పూత మీద పూత వేశాను. వానాకాలం మా వైపు గాలంతా తేమే, ఒక్కో పూత ఆరడానికి వారం. ఇల్లు, నావ, మామ్మ ఒక్కొక్కరే మునిగిపోయారు. చెరిపెయ్యలేదు, అందరూ కిందే ఉన్నారు. కిటికీ పక్కన పెట్టి వాలుగా చూస్తే కుంచె గీతలు ఉబ్బి ఇంటి కప్పు తెలుస్తుంది, దాని కింద కూర్చున్న మనిషి భుజం కూడా. చివర్న వడ్లగింజంత దీపం పెట్టి సంతకం చేశాను.

ఇక మీరడిగిన రెండో వెలుగు. బొమ్మ అయ్యాక ముందు అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. "మావయ్యగారు లాంతరు కట్టింది ఉత్తరపు వాలున కదరా, గట్టు మీంచి చూస్తే ఇంకాస్త కుడికి ఉండాలి" అంది. ఏ దీపమో ఎవరిదో నేను చెప్పకుండానే. ఆ రాత్రే మళ్ళీ రంగు కలిపి మొదటి దీపం మీద ఒక పూత వేసి, నాలుగు అంగుళాలు కుడికి కొత్తది పెట్టాను. ఆ ఒక్క పూతలోంచి పాతది ఇంకా కనపడుతోంది. రెండో పూత వెయ్యబుద్ధి కాలేదు.